కుట్ల దగ్గర మందులకు లొంగని బ్యాక్టీరియా: ఆసుపత్రి బల్ల మీంచే అంటుకుందా?

టఫీ వాళ్ళిల్లు:
మా కుక్క టఫీకి వెనక కాలి మోకాలికి ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు. మొదట్లో బాగానే నడిచాడు, తర్వాత కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టింది. యాంటీబయాటిక్ మార్చి చూసినా తగ్గకపోతే డాక్టర్ గారు చీము తీసి, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకి లొంగుతుందో చూసే కల్చర్ టెస్ట్‌కి పంపారు. మెథిసిలిన్ రెసిస్టెంట్ స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది, కింద మందుల పట్టికలో దాదాపు ప్రతిదాని ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదు) అనే ఉంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఆ ఆసుపత్రిలో అడుగుపెడితే ఫినాయిల్ వాసన గుప్పుమంటుంది, ఒక కుక్క దిగగానే బల్ల మీద స్ప్రే కొట్టి తుడుస్తారు, నా కళ్ళతో చూశాను. అంత శుభ్రంగా ఉంచే చోట ఇదెలా వస్తుంది? ఇంట్లో చిన్న పాప ఉంది, తనకి అంటుతుందా? డ్రెస్సింగ్‌కి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళొచ్చా?

కట్లు కట్టే చేయి:
నేను జంతువుల ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తానండీ. మీరు చెప్పిన ఆ ‘స్ప్రే కొట్టి తుడవడం’ దగ్గరే అసలు విషయం ఉంది. క్రిమిసంహారక మందు ఏదైనా బల్ల మీద కొంతసేపు తడిగా నిలబడితేనే పనిచేస్తుంది, ఎంతసేపు అన్నది సీసా మీదే రాసి ఉంటుంది, క్వాటర్నరీ అమోనియం రకాల్లో చాలావాటికి 10 నిమిషాల దాకా. బయట నలుగురు కుక్కల్ని పట్టుకుని కూర్చుని ఉంటే ఆ 10 నిమిషాలు ఎవరిస్తారు? కొట్టిన వెంటనే తుడిచేస్తే బల్ల మెరుస్తుంది, అంతే. ఇంకోటి, వెంట్రుకలు, రక్తం, చీము ముందు సబ్బునీళ్ళతో కడగకుండా పైన బ్లీచ్ పోస్తే ఆ మురికితోనే దాని బలం సగం పోతుంది. స్ప్రే సీసాని కడగకుండా ఉన్నదాని మీదే నింపుకుంటూ పోతే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాలు ఆ ద్రావణంలోనే పెరగగలవు, ఈ సంగతి చాలామంది సిబ్బందికే తెలియదు.

అయినా నన్నడిగితే బల్ల కంటే భయపడాల్సినవి వేరే ఉన్నాయి. బల్లని కనీసం తుడుస్తారు. ఆపరేషన్ ముందు బొచ్చు గీసే క్లిప్పర్ ఉంటుంది చూడండి, దాని బ్లేడు పళ్ళ సందుల్లో వెంట్రుకలు, చర్మపు పొట్టు ఇరుక్కుని ఉంటాయి, అదే బ్లేడు తర్వాతి కుక్క చర్మాన్ని సన్నగా గీరుతూ పోతుంది. పుండు ముట్టుకున్న గ్లవుతోనే కంప్యూటర్ మౌస్ పట్టుకుంటారు. బరువు చూసే యంత్రం, మూతికి కట్టే మజిల్, థర్మామీటర్, స్టెతస్కోప్, తలుపు గొళ్ళెం... వీటిని రోజుకి ఎన్నిసార్లు తుడుస్తారో అడిగి చూడండి.

పెట్రీ పళ్ళెం:
ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి రెండు మాటలు. ఈ సూడింటర్మీడియస్ చాలా ఆరోగ్యమైన కుక్కల ముక్కులో, నోట్లో, మలద్వారం దగ్గర మామూలుగా ఉండేదే. అందులో రెసిస్టెంట్ రకం మీ టఫీ ఒంటి మీద ఆపరేషన్‌కి ముందే ఉండి ఉండొచ్చు, ఇంతకుముందు చర్మానికో చెవికో యాంటీబయాటిక్స్ వాడి ఉంటే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఆసుపత్రి నుంచే వచ్చిందని తేల్చాలంటే అక్కడి వస్తువుల మీంచి శాంపిల్ తీసి, రెండూ ఒకే స్ట్రెయినా (ఉపరకమా) అని జన్యువులు పోల్చి చూడాలి. ఒక్క కల్చర్ రిపోర్ట్ పట్టుకుని వాళ్ళని నిందించలేం. అలాగని ఆసుపత్రికి సంబంధం లేదనీ అనలేం: దీని జాతిదే అయిన స్టాఫిలోకాకస్ ఆరియస్ పొడిగా ఉన్న ఉపరితలం మీద నెలల తరబడి బతికిన దాఖలాలున్నాయి, ఎంటరోకాకస్, అసినిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాలు కూడా అంతే. 2004లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళ పెద్ద జంతువుల ఆసుపత్రి న్యూ బోల్టన్ సెంటర్‌ని, చాలా మందులకు లొంగని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల, మూసేసి శుభ్రం చేయాల్సి వచ్చింది. అంత పేరున్న చోటే జరిగింది.

‘ఆర్’ల వరస చూసి కంగారు పడకండి. దీనికి మెక్ఏ అనే జన్యువు ఉంటుంది, పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబాలు వెళ్ళి పట్టుకోవాల్సిన ప్రొటీన్‌కి బదులు అది వేరే రకం ప్రొటీన్ తయారుచేస్తుంది, అందుకే ఆ రెండు కుటుంబాల మందులు దాదాపు అన్నీ ఒక్కసారే పనికిరాకుండా పోతాయి. కానీ యాంటీబయాటిక్‌కి లొంగనిది క్రిమిసంహారకానికి కూడా లొంగదనుకోవద్దు. సరైన మోతాదులో కలిపి, తడిగా ఉండనిస్తే మామూలు స్టాఫిలోకాకస్ ఎలా చస్తుందో ఇదీ అలాగే చస్తుంది. అందుకే శుభ్రత మీద నాకింత పట్టింపు: మందులు చేతులెత్తేసిన చోట కూడా బకెట్టూ గుడ్డా పనిచేస్తాయి.

మూడు తోకలు:
మా కుక్కకీ ప్లేట్ దగ్గర ఇదే వచ్చింది. లోహం మీద బ్యాక్టీరియా పొరలా అతుక్కుపోతే మందు లోపలికి సరిగ్గా వెళ్ళదట, ఎముక అతికాక ప్లేట్ తీసేస్తేనే మాకు పూర్తిగా మానింది. మీ డాక్టర్ గారిని ఈ మాట అడగండి. డ్రెస్సింగ్‌కి వెళ్ళేముందు ఫోన్ చేసి రిపోర్ట్ సంగతి గుర్తుచేయండి, ఆ రోజు చివరి అపాయింట్‌మెంట్ ఇమ్మనండి, పిలిచేదాకా బయటే ఉండండి. మిగతా జంతువుల కోసం కూడా అండీ ఇది, పక్కన కూర్చున్న కుక్కకీ కుట్లు ఉండొచ్చు కదా. ఇంట్లో ఎవరికైనా రోగనిరోధక శక్తి తక్కువుంటే పుండు పని వాళ్ళకి అప్పగించొద్దు.

టఫీ వాళ్ళిల్లు:
అందరికీ థాంక్సండీ. ప్లేట్ సంగతి రేపే అడుగుతాను. పాప గురించి, టఫీ పరుపు గురించి కూడా చెప్పండి. ఇంట్లో పిల్లి కూడా ఉంది, గదంతా ఫినాయిల్‌తో తుడిచేయనా?

కట్లు కట్టే చేయి:
ఫినాయిల్ వద్దు, పిల్లులు ఫినాల్ రకాల్ని శరీరంలోంచి సరిగ్గా బయటికి పంపలేవు, కాళ్ళకి అంటింది నాకినా విషమే. నేలని సబ్బునీళ్ళతో కడిగి, ఆ తర్వాత బ్లీచ్‌ని సీసా మీద చెప్పినంత నీళ్ళలో కలిపి తుడవండి, ఆరేదాకా పిల్లినీ పాపనీ ఆ గదిలోకి రానివ్వకండి. మూత్రం పడ్డ చోట ముందు నీళ్ళతో బాగా కడిగాకే బ్లీచ్ వాడాలి, లేకపోతే ఘాటైన హానికర వాయువు వస్తుంది. పరుపు తొడుగు వేడినీళ్ళలో ఉతికి పూర్తిగా ఆరనివ్వండి. ఈ బ్యాక్టీరియా మనుషులకి జబ్బు చేయడం అరుదే, అయినా పాపని పుండు దగ్గరికి, కట్టు దగ్గరికి రానివ్వొద్దు, టఫీ పాప మొహం నాకకుండా చూడండి, కట్టు మార్చాక గ్లవ్స్ తీసేసి సబ్బుతో చేతులు కడుక్కోండి. పాపకి ఎక్కడైనా చీముపొక్కు లేస్తే పిల్లల డాక్టర్‌కి టఫీ రిపోర్ట్ కూడా చూపించండి.