ఇండియా టైమ్‌లో అరగంట ఉంటే జీఎంటీ వాచీ ఎలా సెట్ చేయాలి? ఫ్లయరా, కాలరా?

ప్రశ్న (లేఓవర్_లక్ష్మణ్):

ఉండేది హైదరాబాద్. నెలనెలా దుబాయ్, అప్పుడప్పుడు డాలస్ వెళ్లాలి. 50 వేల లోపు ఆటోమేటిక్ జీఎంటీ వాచీ (నాలుగో ముల్లుతో ఇంకో చోటి టైమ్ కూడా చూపేది) చూస్తున్నాను. షాపులో సీకో 5 జీఎంటీ (ఎస్ఎస్‌కే001)లో ఇండియా టైమ్ పెట్టి నాలుగో ముల్లును యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్, ఇండియా కంటే 5:30 గంటలు వెనక) తిప్పబోతే, గంట గంటకీ దూకుతోంది తప్ప మధ్యలో ఆగడం లేదు. మరి 5:30 తేడా ఎలా పెట్టాలి? పీస్‌లో లోపమా? ప్రయాణాలు చేసేవాళ్లు ఫ్లయర్ జీఎంటీయే (లోకల్ గంటల ముల్లు విడిగా జరిగే రకం) కొనాలంటున్నారు, అందులో ఈ గొడవ ఉండదా?

జూలూ_టైమ్:

లోపం కాదండీ, మామూలుగా మెకానికల్ జీఎంటీలన్నీ అంతే. ముళ్లు నాలుగున్నా నిమిషాల ముల్లు ఒక్కటే. జీఎంటీ ముల్లు (ఆ నాలుగోది, 24 గంటల ముల్లు) రోజుకి ఒక చుట్టు తిరుగుతుంది, అంటే గంటకి 15 డిగ్రీలు. దాన్ని విడిగా కదిపితే ఆ 15 డిగ్రీల చొప్పునే దూకుతుంది. ఈ వాచీలు 1950లలో పాన్ యామ్ లాంటి సంస్థల పైలట్ల కోసం పుట్టాయి. న్యూయార్క్, లండన్ మధ్య తేడా పూర్తి గంటలే కాబట్టి అరగంట గురించి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఫ్లయర్ సంగతి. అందులో కీ ఒక క్లిక్కు లాగితే లోకల్ గంటల ముల్లు మాత్రమే ముందుకీ వెనక్కీ దూకుతుంది, సెకన్లు ఆగవు. దాని గొప్ప అదే. కానీ ఇండియా నుంచి బయల్దేరితే గంటల ముల్లు ఒక్కటీ జరిపితే సరిపోదు, నిమిషాలూ 30 మార్చాలి. దానికి కీ పూర్తిగా లాగాల్సిందే, సెకన్లు ఆగాల్సిందే. ఫ్లయర్ కొనమని చెప్పేవాళ్లు మనకు ఈ ముక్క చెప్పరు.

లెక్క ఇలా పెట్టుకోండి. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 2:10 అయితే అసలు యూటీసీ 8:40. మీరు 24 గంటల ముల్లును 8:10 దగ్గర పెట్టండి, అంటే ఇండియాలో ఉన్నంతసేపూ అది అరగంట వెనక. గంట ఆ ముల్లు చెబుతుంది, పైన 30 నిమిషాలు కలుపుకోవడమే.

దుబాయ్‌లో దిగాక, ఫ్లయర్ అయితే, కీ పూర్తిగా లాగి 30 నిమిషాలు ముందుకి తిప్పండి. 2:40 అవుతుంది, 24 గంటల ముల్లు కూడా జరిగి 8:40కి, అంటే అసలు యూటీసీకి వస్తుంది. కీ ఒక క్లిక్కు లోపలికి నొక్కి గంటల ముల్లును రెండు దూకులు వెనక్కి జరపండి. 12:40, దుబాయ్ టైమ్. అక్కడి నుంచి డాలస్‌కి చలికాలంలో పది దూకులు వెనక్కి, వేసవిలో తొమ్మిది, నిమిషాల జోలికి పోనక్కర్లేదు. ఫ్లయర్‌కి పెట్టిన డబ్బు గిట్టేది ఈ దారిలోనే.

తిరిగి వచ్చేటప్పుడు నిమిషాలు 30 వెనక్కి తిప్పాలి. అప్పుడు ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ వెనక్కి పోయి, మళ్లీ ముందుకి వచ్చి సరైన గీత మీద ఆపండి. వెనక్కి తిప్పి అక్కడే వదిలేస్తే పళ్ల చక్రాల మధ్య వదులు అలాగే ఉండిపోతుంది. కీ నొక్కాక సెకన్ల ముల్లు నడుస్తున్నా నిమిషాల ముల్లు కాసేపు కదలదు.

కీ_గట్టిగా_తిప్పకు:

పైన చెప్పింది కరెక్టే, తేదీ సంగతి కలుపుతాను.

సీకో లోపలి యంత్రం 4ఆర్34, అంటే కాలర్ (జీఎంటీ ముల్లు విడిగా జరిగే రకం). కీ ఒక క్లిక్కు లాగి ఒక వైపు తిప్పితే తేదీ, ఇంకో వైపు తిప్పితే జీఎంటీ ముల్లు మారతాయి. ఊరు మారినప్పుడు మాత్రం కీ పూర్తిగా లాగి ముళ్లన్నీ కలిపి తిప్పి, తర్వాత జీఎంటీ ముల్లును మళ్లీ దాని చోటికి తేవాలి. మియోటా 9075 లాంటి యంత్రాలున్న ఫ్లయర్లలో తేదీకి వేరే దారి లేదు. గంటల ముల్లు అర్ధరాత్రి దాటితేనే తేదీ మారుతుంది, రోజుకి 24 దూకులు. రెండిటి పవర్ రిజర్వూ (చేతికి లేకపోయినా నడిచే సమయం) దాదాపు 41, 42 గంటలే. శుక్రవారం రాత్రి విప్పి బల్ల మీద పెడితే ఆదివారం సాయంత్రానికి ఆగిపోయి ఉంటుంది. నాలుగు రోజుల తేదీ సరిచేయాలంటే 96 దూకులు! రోజూ పెట్టుకునేవాళ్లకి ఫ్లయర్, మార్చి మార్చి పెట్టుకునేవాళ్లకి కాలర్ అని అందుకే అంటాను.

కాలర్‌లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 మధ్య తేదీని కీతో మార్చకండి. అప్పటికే తేదీ చక్రాన్ని లోపలి పన్ను పట్టుకుని ఉంటుంది, బలవంతం చేస్తే అది విరుగుతుంది. విమానం దిగేది ఎక్కువగా ఆ వేళలోనే కాబట్టి ముందు టైమ్ సరిచేసుకుని తేదీని పొద్దునకి వదిలేయండి.

స్క్రూ కీ ఉన్న మోడల్ అయితే నొక్కి మొదట వెనక వైపుకి తిప్పండి, మర దిగినట్టు చిన్న కుదుపు తెలిశాక ముందుకి బిగించండి. అడ్డంగా ఎక్కితే మర పాడవుతుంది, తర్వాత నీళ్లు దిగుతాయి.

లేఓవర్_లక్ష్మణ్:

థాంక్సండీ. ఇండియాలో ఉన్నప్పుడు డాలస్ టైమ్ బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే అంకెల రింగు) మీద చదవొచ్చా?

జూలూ_టైమ్:

చదవొచ్చు. 24 గంటల ముల్లు యూటీసీలో ఉంటే పడమటి దేశాలకి బెజెల్‌ను కుడివైపు, తూర్పు దేశాలకి ఎడమవైపు తిప్పాలి. డాలస్‌కి చలికాలంలో 6 గంటలు కుడికి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా 5.

ఇండియాలో మీ ముల్లు అరగంట వెనక ఉంది కదా, అందుకని బెజెల్‌ను ఆరు కాకుండా ఐదున్నర తిప్పండి. ముల్లు 8:10 దగ్గరున్నా బెజెల్ మీద 2:40 చదువుతారు. డాలస్‌లో అదే టైమ్. కచ్చితమైన నిమిషం కావాలంటే పెద్దముల్లు తోక చూడండి. ముల్లు 10 మీద ఉంటే తోక 40 మీద ఉంటుంది.

ఎస్ఎస్‌కే బెజెల్‌కి క్లిక్కులు లేవు, ఎక్కడైనా ఆగుతుంది కాబట్టి మనకు నయం. రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 2లో సిరామిక్ బెజెల్ వచ్చాక 24 క్లిక్కులే, అరగంట దగ్గర నిలవదు. ఖరీదుకీ మన అరగంటకీ సంబంధం లేదు!

సోలార్_సాంబ:

ఆటోమేటికే కావాలని పట్టుదల లేకపోతే డిజిటల్ వరల్డ్ టైమ్‌లో ఈ తలనొప్పి అసలు ఉండదు. కాసియో ఏఈ-1200లో 48 ఊళ్లున్నాయి, ఢిల్లీ పెట్టుకుంటే 5:30 దానంతటదే వస్తుంది. డాలస్ వేసవి టైమ్ మాత్రం చేత్తో ఆన్ చేయాలి, ఊరూరికీ విడిగా.

రేడియో కంట్రోల్ (రేడియో సిగ్నల్‌తో టైమ్ దానంతటదే సరిచేసుకోవడం) అని సిటిజన్ పైలట్ మోడళ్లు అమ్ముతారు. ఆ సిగ్నల్ స్టేషన్లు జపాన్, చైనా, జర్మనీ, బ్రిటన్, అమెరికాల్లోనే. హైదరాబాద్‌లోనూ దుబాయ్‌లోనూ అందవు, ఇక్కడ అది మామూలు క్వార్ట్జ్ వాచీయే. డాలస్‌లో రాత్రి కిటికీ దగ్గర పెడితే కొలరాడో సిగ్నల్ పట్టుకుంటుంది. ఇండియాలో ఉండేవాళ్లు ఆ ఫీచర్‌కి అదనంగా ఇవ్వడం దండగ, బ్లూటూత్‌తో ఫోన్ నుంచి టైమ్ తీసుకునేవి చూడండి.

స్లైడ్ రూల్ బెజెల్ (తిప్పి గుణకారాలు, భాగహారాలు చేసుకునే అంకెల రింగు) కూడా మీకు అక్కర్లేదు. 45ని 60కి ఎదురుగా పెడితే 450 నాట్ల వేగంతో 40 నిమిషాల్లో 300 నాటికల్ మైళ్లని చదవొచ్చు, సరదాగానే ఉంటుంది. అంత సన్న అంకెలు సీటు లైటులో కనబడాలి కదా.

కీ_గట్టిగా_తిప్పకు:

ఆటోమేటిక్ కొంటే ఇంకొకటి. ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి పోతుంటే సర్వీసుకి పరిగెత్తకండి. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రే వల్ల కాదు. హెడ్‌ఫోన్లు, టాబ్లెట్ కవరు, బ్యాగు మూతలోని అయస్కాంతాల వల్ల హెయిర్ స్ప్రింగ్ (వాచీ వేగాన్ని నిర్ణయించే సన్న స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. దిక్సూచి పక్కన పెట్టి చూడండి, సూది కదిలితే చాలావరకు అదే. డీమాగ్నటైజర్ (అయస్కాంతం పోగొట్టే పరికరం) మీటతో పనిచేసేదైతే వాచీని దాని మీద ఉంచి మీట నొక్కండి, మీట వదలకుండానే వాచీని మెల్లగా అడుగు దూరం పైకి తీసుకెళ్లి అప్పుడు మీట వదలండి. వాచీ దాని మీద ఉండగానే మీట వదిలితే అయస్కాంతం మళ్లీ ఎక్కుతుంది.