సమస్య: నీరు పోయ గడ్డి నిలువునెండె

నిర్వాహకుడు: మండపేటలో మా ఇంటి ముందు లాన్‌లో గుండ్రటి గోధుమరంగు మచ్చలు లేచాయి. ఎండుతోందనుకుని రోజూ సాయంత్రం ఇంకో రెండు బిందెలు ఎక్కువే పోశాను. మచ్చలు ఇంకా పెరిగాయి. ఆ దిగుల్లో పుట్టిన పాదమిది. పూరించండి.

గరికపోచ:
సందె వేళ తడిపి సంతసించితివయ్య
రాత్రి తడియె బూజురాజు కొలువు
తెల్లవారు దాక తేమ యారక నిల్చి
నీరు పోయ గడ్డి నిలువునెండె

వరికి పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సోలాని అనే బూజే లాన్‌లోనూ ఈ పని చేస్తుంది. మచ్చ అంచున పోచ పట్టి లాగండి. మొదలు కుళ్ళి సులువుగా ఊడొస్తే అదే.

తుమ్మెద: 'బూజురాజు కొలువు'! ఆ ఒక్క మాటకే చప్పట్లు. కానీ గరికపోచ గారూ, పోయినసారి పూరణలో మిట్టమధ్యాహ్నం యూరియా చల్లి పచ్చికను నవ్వించింది మీరే కదా? వెంటనే నీళ్ళు పట్టకపోతే ఆ గుళికలే ఆకును మాడుస్తాయి. అప్పుడూ చెప్పాను. ఇదిగో నాది:

కాలు లేపె కుక్క కార్పెట్టు గడ్డిపై
నడుమ మాడె నంచు పచ్చగుండె
ఉన్నదందు ఘాటు యూరియా యటువంటి
నీరు పోయ గడ్డి నిలువునెండె

గరికపోచ: నీరును నీరుడు (మూత్రం) చేసిన విరుపు నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. నడుమ నత్రజని ఎక్కువై మాడుతుంది, అంచున పలచబడి ఎరువవుతుంది. కళ్ళారా చూసినవాళ్ళే ఆ రెండో పాదం రాయగలరు. అయితే 'నడుమ'కు 'పచ్చ'తో యతి ఎక్కడ కుదిరింది? 'నంచు నవనవ మనె' అంటే సరిపోతుంది.

తుమ్మెద: సవరణ తీసుకున్నాను. యూరియా మాట మాత్రం వదలను.

మల్లెపందిరి: ఇద్దరూ వేరుపురుగును మరిచారు. అది వేళ్ళు తినేస్తే పచ్చిక చాపలా చుట్టుకుని లేచి వస్తుంది. అలా లేపి మట్టిలో తెల్లగా వంకర తిరిగిన పురుగులున్నాయేమో చూడందే బూజు మీద నేరం మోపకండి.

నిర్వాహకుడు: ఇప్పుడే టార్చి వేసి చూసొచ్చాను. ఆరు పోచలు లాగితే ఐదు ఊడాయి, మొదట్లో మెత్తటి కుళ్ళు. మట్టిలో పురుగు లేదు, పచ్చిక లేవలేదు. రేపటి నుంచి తడి తెల్లవారుజామునే. గరికపోచ గారికే నా ఓటు.

తుమ్మెద: గేటు పక్కనున్న మచ్చ చూశారా? దాని అంచు పచ్చగా ఉంటే నా పద్యం మళ్ళీ చదవండి.