13 నెలల పాప సగం ఆవుపాల దగ్గరే ఆగిపోయింది

మాది గుంటూరు, బ్రాడీపేట. ఏడాది నిండాక, డాక్టరు గారు సరేనన్నాకే పాపకు డబ్బాపాలు మాన్పిస్తున్నాం. పాలాయన పొద్దున తెచ్చే ఆవుపాలు బాగా పొంగించి, చక్కెర వేయకుండా పడుతున్నాం. రోజుకు మూడు సీసాలు. 180 మి.లీ. సీసాలో ముందు 30 మి.లీ. ఆవుపాలు కలిపాం, నాలుగు రోజులకోసారి ఇంకో 30 పెంచాం. 90 దాకా హాయిగా తాగింది. 120కి వెళ్ళగానే రెండు గుక్కలు తాగి మూతి తిప్పేస్తోంది, పైగా విరేచనం గట్టిపడి రెండు రోజులకోసారి ఏడుస్తూ వెళ్తోంది. వెనక్కి 90కి తగ్గిస్తే అంతా మామూలే. రెండుసార్లు ఇదే జరిగింది. గ్లాసుతో పట్టాం, గోరువెచ్చగా ఇచ్చాం, బొప్పాయి, మంచినీళ్ళు పెంచాం. అత్తయ్య గారు పాలలో నీళ్ళు కలపమంటున్నారు, బలం తగ్గుతుందని నాకు మనసొప్పట్లేదు. ఇలా సగంలో ఆగిన పిల్లల్ని మీరు పూర్తి ఆవుపాలకు ఎలా తెచ్చారు?