మా బాబు ముందు పన్ను ఒక్కటే బూడిద రంగుకు మారింది

ప్రశ్న:
మా బాబుకు నాలుగేళ్లు. ఆడుకుంటూ బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది కానీ పన్ను కదల్లేదు. కొన్ని వారాలకు పై ముందు పన్ను ఒక్కటే బూడిద రంగుకు తిరిగింది. నొప్పి లేదంటాడు. గట్టిగా తోమితే పోతుందా? కింది పళ్ల మీద నల్లని గీతలు కూడా ఉన్నాయి. ఐరన్ చుక్కలు వాడుతున్నాము.

జవాబు 1:
దయచేసి గట్టిగా తోమకండి. అది పైన అంటిన మరక కాదు. దెబ్బకు పన్ను లోపల రక్తనాళాలు చిట్లితే ఆ రంగు బయటికి కనిపిస్తుంది. మా అమ్మాయికీ ఇలాగే అయింది; డాక్టరు ఎక్స్‌రే తీసి, గమనిస్తూ ఉందామన్నారు. నెలలు గడిచాక రంగు కొంత తగ్గింది. కొందరిలో మాత్రం లోపలి నరం చచ్చిపోతుంది. చిగురు మీద చీముపొక్కు, వాపు, కొరికితే నొప్పి... ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. ఆ పన్ను పైనే, ఎముకలో, శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది. నా ఆదుర్దా అంతా దాని గురించే.

జవాబు 2:
నల్ల గీతలు ఐరన్ వల్ల కావచ్చు. మందు మాత్రం మానకండి; వేసిన వెంటనే నీళ్లు తాగించండి. దంతవైద్యులు పాలిష్ చేస్తే పోతాయి. ఫ్లోరైడ్ పేస్టు బఠానీ గింజంత చాలు.

ప్రశ్న అడిగినవారు:
రేపే చూపిస్తున్నాను. కొత్తగా వచ్చే పళ్లు పసుపుగా ఉంటాయట, నిజమేనా?

జవాబు 1:
నిజమే. శాశ్వత పళ్లలో లోపలి పొర (డెంటిన్) పసుపు ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లని పాలపళ్ల పక్కన మరీ తెలుస్తుంది. ఎక్స్‌రేలో ఏముందో తప్పక రాయండి.