‘ట్రూతీనెస్’కి తెలుగు మాట: నిజమా, సొంతమా?

మా పాత విద్యార్థిని ఒకామె ఇప్పుడు అమెరికాలో ఉంటోంది. అక్కడి తెలుగు సంఘం పత్రికకి రాజకీయ వ్యంగ్యం మీద వ్యాసం రాస్తూ మొన్న రాత్రి ఫోన్ చేసింది. “మాస్టారూ, ట్రూతీనెస్‌ని తెలుగులో ఏమనాలి? సత్యాభాస అని రాశాను, కానీ చదువుతుంటే ఏదో తేడాగా ఉంది” అంది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులుగా అదే ఆలోచన. నాకు తోచింది ఇక్కడ పెడుతున్నాను, తప్పుంటే సరిదిద్దండి.

ట్రూతీనెస్ అంటే, సాక్ష్యంతో పనిలేకుండా, నిజమని తనకి అనిపించింది గనక అది నిజమే అనుకోవడం. ముందు మాట పుట్టుక. 2005 అక్టోబర్ 17న అమెరికాలో కామెడీ సెంట్రల్ ఛానెల్లో హాస్యనటుడు స్టీఫెన్ కోల్బేర్ వ్యంగ్య కార్యక్రమం ‘ద కోల్బేర్ రిపోర్ట్’ మొదలైంది. (ఆ పేరులో రెండు మాటల చివరా ‘ట్’ పలకరు, కోల్బేర్ రెపోర్ అంటారు.) అందులో ఆయన తన పేరుతోనే ఒక పాత్ర వేసేవాడు. ఫాక్స్ న్యూస్ అనే వార్తా ఛానెల్లో బిల్ ఓరైలీ లాంటి సంప్రదాయవాద వ్యాఖ్యాత పాత్ర అది. గొంతు పెద్దది, దేశభక్తి తన ఇంటి సొత్తు, ఎదుటివాడి మాట పూర్తి కానివ్వడు. ఓరైలీ తన షోలో తను చెప్పే ముక్కల్నే తెర మీద అక్షరాలుగా వేయించేవాడు. కోల్బేర్ కూడా అలాగే ‘ద వర్డ్’ అని ఒక భాగం పెట్టాడు. ఈయన నోటితో ఒకటి చెబుతుంటే పక్కన అక్షరాలు దాన్నే ఎత్తిపొడుస్తుంటాయి. మొదటి రాత్రి ఎంచుకున్న మాట ట్రూతీనెస్. ముందు రాసుకున్న స్క్రిప్టులో ఉన్నది ఉత్త ‘ట్రూత్’. అది చాలదనిపించి రికార్డింగ్‌కి కాస్త ముందు మార్చాడట.

సందర్భం తెలిస్తేనే మాట తెలుస్తుంది. ఆ నెల మొదట్లోనే అధ్యక్షుడు బుష్ తన దగ్గర పనిచేసే లాయరు హ్యారియట్ మయర్స్‌ని సుప్రీంకోర్టుకి ప్రతిపాదించాడు. ఆవిడ జడ్జిగా పనిచేసిన మనిషి కాదు. ఎందుకీమె అంటే, ఆమె మనసు నాకు తెలుసు అన్నాడు. సొంత పార్టీవాళ్లే ఒప్పుకోలేదు, నెలాఖరుకి ఆవిడే తప్పుకుంది. కోల్బేర్ పాత్ర ఈ ఉదాహరణే ఎత్తుకుంది: ఆలోచిస్తే ఈ ఎంపిక అసంబద్ధమే, కానీ అధ్యక్షుడు ఆలోచించానని అనలేదే! తర్వాత ఇరాక్ యుద్ధం. కారణాల్లో కొన్ని ముక్కలు తప్పిపోయి ఉండొచ్చు, అయినా సద్దాంని దించడం సరైన పనే అని ఇక్కడ, పొట్టలో, అనిపించడం లేదా?

అనువాదం ఈ పొట్ట దగ్గరే ఇరుక్కుంటుంది. తలలో కంటే పొట్టలోనే నరాల కొసలు ఎక్కువంటాడాయన. పుస్తకంలో చూశాం, అలా లేదే అంటే, పుస్తకంలో చూశారు గనకే అలా ఉంది, ఈసారి మీ పొట్టలో చూసుకోండి అంటాడు. ఇంగ్లీషువాడి ‘గట్’లో తెగువ ఉంటుంది, ముందే పసిగట్టే తెలివి ఉంటుంది. మన కడుపు సంగతి వేరు. కడుపుతీపి, కడుపుకోత, కడుపుమంట, కడుపులో పెట్టుకుని చూసుకోవడం అంటాం. ప్రేమ, దుఃఖం, ఓర్వలేనితనం ఉండే చోటు అది. తెగువ గుండెలో ఉంటుంది. పసిగట్టేది మనసు: “నా మనసెందుకో కీడు శంకిస్తోంది” అంటాం. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. “పొట్ట కోస్తే అక్షరం ముక్క లేదు” అంటాం కదా! తెలుగువాడి లెక్కలో చదువు దాచుకునే చోటు కూడా పొట్టే. పుస్తకం వద్దు, పొట్టే ముద్దు అనే ఆ పాత్రని మన భాష ఒక్క సామెతతో పట్టేసుకుంటుంది. వ్యాసంలో ఈ సామెత వాడుకోమని ఆమెకి చెప్పాను.

ఇక మాటలోకి వద్దాం. సత్యాభాస తప్పు కాదు, హేత్వాభాస (సరైన కారణంలా కనిపించే తప్పుడు కారణం) లాగా అది తర్కశాస్త్రం మాట. కానీ అది పక్కన నిలబడి చూసేవాడి మాట. తన వాదం సత్యాభాస అని ఎవడూ చెప్పుకోడు. కోల్బేర్ పాత్ర మాత్రం ట్రూతీనెస్‌ని గర్వంగా చెప్పుకుంటుంది.

‘నిజమనిపించేది’ అందామా అంటే వ్యాకరణం అడ్డొస్తుంది. “నాకు నిజమనిపిస్తోంది” అన్నప్పుడు ‘నేను’ కర్తని కాను, నిజమే వచ్చి నాకు తోస్తోంది. ఆ వాక్యంలో ఒక వినయం ఉంది. “నాకలా అనిపించింది, తప్పయితే చెప్పండి” అని ఎంత సులువుగా కలుస్తుందో చూడండి. ఆ మాట గురించి కోల్బేర్ వేషం తీసేసి మాట్లాడినప్పుడు ఏమన్నాడంటే, అందులో బరువంతా ‘అనిపించడం’ మీదే కాదు, ‘నాకు’ మీద కూడా ఉందన్నాడు. ఒకప్పుడు ఎవరి అభిప్రాయం వాళ్లకి ఉండేది, ఇప్పుడు ఎవరి వాస్తవాలు వాళ్లకి ఉంటున్నాయని బాధపడ్డాడు.

అది చదివాకే నాకు దారి దొరికింది. ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా ఒకసారి ‘నిజపురంబునకు’ అనే మాట వచ్చింది. వెనక బెంచీ పిల్లవాడు లేచి, “నిజం పురం ఉందంటే అబద్ధం పురం కూడా ఉంటుందా సార్?” అన్నాడు. క్లాసంతా నవ్వారు. కానీ ప్రశ్న చాలా మంచిది. సంస్కృతంలో ‘నిజ’ అంటే ‘తన సొంత’ అని అర్థం. నిజపురం అంటే తన ఊరు, నిజసుతుడు అంటే తన కొడుకు. హిందీలో ఇప్పటికీ ‘నిజీ’ అంటే ప్రైవేటు, నిజీకరణ్ అంటే ప్రైవేటీకరణ. మన దగ్గరా కన్నడంలోనూ మాత్రం అదే మాట సత్యం అయింది. నిజరూపం, నిజస్వరూపం లాంటి మాటల్లో ‘తన సొంత రూపం’ కాస్తా ‘అసలు రూపం’ అయి, ఆ దారిన ఇక్కడికొచ్చిందనుకుంటాను. ‘సొంతం’ అనే మాట ‘అందరికీ ఒకటే అయిన సత్యం’ దాకా నడిచొచ్చింది. ట్రూతీనెస్ ఆ నడకని వెనక్కి తిప్పుతుంది. సత్యాన్ని మళ్లీ ప్రైవేటు చేస్తుంది.

అందుకని నా ప్రతిపాదన: సొంతనిజం.

వ్యాఖ్య: దీనికి కొత్త మాటెందుకండీ? “తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు” ఉంది కదా.

జవాబు: నాకూ ముందు అదే తట్టిందండీ. కానీ అది మొండితనం. కుందేలు చేతిలో ఉంది, నాలుగో కాలు కళ్ల ముందే ఉంది, అయినా ఒప్పుకోడు. ట్రూతీనెస్‌లో కుందేలుని ఎవరూ పట్టుకోలేదు, లెక్కపెట్టాల్సిన అవసరమే లేదంటారు. మా అక్కయ్య ఆ మధ్య వాట్సాప్‌లో ఒకటి పంపింది, కోసిన ఉల్లిపాయ గదిలో పెడితే జ్వరం లాగేస్తుందని. అది నిజం కాదక్కా అన్నాను. “కాకపోతే ఏంట్రా, నిజంలా ఉంది కదా” అంది. పొయ్యి దగ్గర నిలబడి, గరిటె తిప్పుతూ, ఏమాత్రం తడుముకోకుండా. ఆ మాట పండితులు చెప్పిన నిర్వచనాలన్నిటికంటే దగ్గరగా ఉంది.

వ్యాఖ్య: కోల్బేర్ చేసేది నిందాస్తుతి అనొచ్చా?

జవాబు: వ్యాజస్తుతి అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. నిందాస్తుతి అనగానే మనకి దేవుణ్ని చనువుగా తిట్టే భక్తుడు గుర్తొస్తాడు. తిట్టులో ప్రేమ ఉంటుంది. ఇక్కడ పొగడ్తలో తిట్టు ఉంది. 2006 ఏప్రిల్ 29న వైట్‌హౌస్ విలేకరుల విందులో బుష్ కొద్ది కుర్చీల అవతల కూర్చుని ఉండగా కోల్బేర్ ఆయన్ని మెచ్చుకున్నాడు: ఈయన స్థిరమైన మనిషి, సోమవారం ఏది నమ్మాడో బుధవారమూ అదే నమ్ముతాడు, మంగళవారం ఏం జరిగినా సరే! వ్యాజస్తుతికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ. ఈ అలంకారంతో ఒక చిక్కుంది. వ్యాజం, అంటే పైకి చూపే నెపం, పట్టుకోలేనివాడికి స్తుతే మిగులుతుంది. 2009లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే పరిశీలించారు. ఆయన హాస్యమాడుతున్నాడని అందరికీ తెలుసు. కానీ సంప్రదాయవాద ప్రేక్షకుల్లో, హాస్యం పైపైకే, లోపల ఆయన నమ్మేది తను చెప్పే మాటలనే అనుకునే మొగ్గు ఎక్కువ కనిపించింది.

వ్యాఖ్య: ట్రూతీనెస్ కోల్బేర్ కనిపెట్టిన మాట కాదని ఎక్కడో చదివాను.

జవాబు: ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో పాత అరుదైన మాటగా ముందే ఉంది, సత్యసంధత అనే అర్థంలో. కొత్త అర్థం ఆయనదే. 2006 జనవరిలో అమెరికన్ డయలెక్ట్ సొసైటీ దాన్ని 2005 సంవత్సరపు మాటగా ఎంచుకుంది, మెరియమ్ వెబ్‌స్టర్ 2006కి ఎంచుకుంది.

వ్యాఖ్య: మాస్టారూ, నమస్కారం. ఆ ఫోన్ చేసింది నేనే. సొంతనిజం చాలా బాగుంది. ఒక్క సందేహం. ‘ఆమె తన సొంత నిజం చెప్పుకుంది’ అని ఇప్పుడు మంచి అర్థంలో కూడా రాస్తున్నారు, తను పడ్డ బాధ బయటపెట్టినవాళ్ల గురించి. రెండూ కలిసిపోవా?

జవాబు: మంచి సందేహమమ్మా. నాకు తట్టలేదు. బాధపడ్డ మనిషి చెప్పేది తన మీద జరిగింది, దానికి సాక్ష్యం ఉంటుంది, అడిగితే చూపిస్తుంది. ఆ మాటకి మచ్చ రానివ్వకూడదు. అక్కడ ‘తన అనుభవం’, ‘తన కథ’ అనే రాయి. ఇక్కడ మాత్రం రెండు మాటలూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా ‘సొంతనిజం’ అని రాయి. విడగొడితే అదొక రకం నిజం అనుకుంటారు. మొదటిసారి వచ్చినచోట ట్రూతీనెస్ అని కూడా పక్కన పెట్టు, అక్కడి పిల్లలకి ఆ మాటే తెలుసు. పొట్ట సామెత మర్చిపోకు.