మత్తిచ్చి కుక్క పళ్ళు క్లీన్ చేయడానికి 11 వేలు: అవసరమా, బాదుడా?

లడ్డూ వాళ్ళమ్మ (మియాపూర్):
మా లడ్డూ పోమరేనియన్, ఆరేళ్ళు దాటాయి. మొన్న వ్యాక్సిన్‌కి తీసుకెళ్తే డాక్టర్ పెదవి ఎత్తి చూసి దవడ పళ్ళకి గార బాగా పట్టింది, చిగుళ్ళు ఎర్రబడ్డాయి, మత్తిచ్చి స్కేలింగ్ చేయాలి, అంటే ఆ గార గీకి తీయాలి అన్నారు. బ్లడ్ టెస్టులు, గ్యాస్ అనస్థీషియా, స్కేలింగ్, పాలిషింగ్ అన్నీ కలిపి 11,000 అట. పన్ను పీకాల్సొస్తే అది వేరే. మా ఆయనేమో నా పళ్ళకే 1200తో అయిపోయింది దీనికి 11 వేలేంటని ఒకటే గొడవ. ఇంకోపక్క మా అపార్ట్‌మెంట్‌కి కుక్కలకి స్నానం, కటింగ్ చేయడానికి వచ్చే గ్రూమర్ మత్తూ గిత్తూ ఏం అక్కర్లేదు మేడం, 1500కి నేనే గీకేస్తా అంటున్నాడు. కంపు మాత్రం నిజమేనండి, ఒళ్ళోకొస్తే మొహం తిప్పుకోవాల్సొస్తోంది. ఏం చెయ్యమంటారు?

బందరు బుల్లోడు:
బాదుడే, డౌటే లేదు. మా ఇంట్లో నా చిన్నప్పట్నుంచి కుక్క లేని రోజు లేదు, పెరుగన్నం తిని, ఆదివారం మటన్ ఎముక కొరుక్కుని హాయిగా బతికాయి, ఒక్కదానికి కూడా పళ్ళు తోమించిన పాపాన పోలేదు. వీధి కుక్కలకి ఎవడు చేయిస్తున్నాడు స్కేలింగ్? సిటీలో క్లినిక్‌కి ఏసీ పెట్టాక ఆ ఏసీ బిల్లు మన దగ్గరే లాగాలి కదా. మంచి నల్లి ఎముక ఒకటి పడేయండి, గార అదే పోద్ది.

పశువైద్యం ఫైనలియర్:
బుల్లోడు అన్నా, ఎముక మాట మాత్రం వద్దు. కుక్కకి పై దవడలో రెండు పక్కలా ఒక్కో పెద్ద పన్ను ఉంటుంది, నాలుగో ప్రీమోలార్ అంటాం, గట్టివన్నీ దాంతోనే కొరుకుతుంది. ఎముకో, పెట్ షాపులో అమ్మే పశువుల డెక్కో కొరికినప్పుడు దాని పక్క పెచ్చు ఊడొస్తుంది, వేరు దాకా చీము పట్టి కంటి కింద వాపొస్తుంది. ఓనర్లు కంటి దగ్గర ఏదో కుట్టిందనుకుని తీసుకొస్తారు, మా కాలేజీ ఓపీలో చూశా. వీధి కుక్కలంటారా, వాటి నోరు ఎవరు తెరిచి చూశారు? నొప్పి ఉన్నా కుక్క తినడం మానదు, ఒక పక్కనే నమిలి మింగేస్తుంది, అంతే.

మేడం, గ్రూమర్ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అతను గీకేది పైకి కనబడే గార. పళ్ళు వదులయ్యే జబ్బుండేది చిగురు కింద. మెలకువగా ఉన్న కుక్క అక్కడ పరికరం పెట్టనిస్తుందా, పెడితే చెయ్యి మిగులుతుందా? పైగా గీకి పాలిష్ చెయ్యకపోతే పన్ను గరుకుగా ఉండిపోయి పాచి ఇంకా తొందరగా పట్టుకుంటుంది. లోపల చెమ్మ అలాగే ఉంచి గోడకి సున్నం కొట్టినట్టు, చూడ్డానికి తెల్లగా ఉంటుంది. అమెరికాలో జంతు ఆసుపత్రుల సంఘం వాళ్ళు 2013 గైడ్‌లైన్స్‌లోనే పళ్ళ క్లీనింగ్‌కి పూర్తి మత్తు, గొంతులో ట్యూబ్ ఉండాల్సిందే అన్నారు. ట్యూబ్ ఎందుకంటే స్కేలర్ నీళ్ళు చిమ్ముతుంది, ఆ నీళ్ళు, గార పెళ్ళలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా. సార్ 1200తో బయటపడ్డారంటే ఆయన నోరు తెరిచి కూర్చుంటారు కాబట్టి. లడ్డూ కూర్చోదు, ఆ కూర్చోబెట్టే ఖర్చే మీ బిల్లులో సగం పైన.

ఇంకోటి, పోమరేనియన్లు, షిట్జులు లాంటి చిన్న జాతులకి ఈ బాధ ఎక్కువ. అంత చిన్న నోట్లో 42 పళ్ళు ఇరుక్కుని ఉంటాయి. మరీ ముదిరితే కింది దవడ ఎముక కరిగి, చిన్న దెబ్బకే విరుగుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:
అంతా బానే ఉంది కానీ మత్తు సంగతి ఎవరూ మాట్లాడరేంటి? మా ఫ్రెండ్ వాళ్ళ షిట్జుని పళ్ళ క్లీనింగ్‌కే ఇచ్చారు, ఒక క్లినిక్‌లో బ్లడ్ టెస్ట్ లేదు ఏం లేదు ఇంజెక్షన్ పొడిచేశారు, లేవలేదు. నోటి కంపు పోగొట్టడానికి కుక్కనే పోగొట్టుకున్నారు. వాడు ఇప్పటికీ ఇంకో కుక్కని తెచ్చుకోలేదు. నేనైతే మా వాడికి చచ్చినా మత్తివ్వను.

పశువైద్యం ఫైనలియర్:
సారీ బ్రో. అది మత్తు తప్పు అనేకంటే టెస్ట్ లేకుండా ఇవ్వడం తప్పు. బ్రిటన్‌లో 2008లో వచ్చిన పెద్ద స్టడీలో ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు వల్ల చావులు దాదాపు 2000కి ఒకటి, జబ్బుగా ఉన్నవాటిలో 75కి ఒకటి దాకా. అంటే అసలు తేడా కుక్క లోపల ఏముందో ముందు తెలుసుకోవడంలోనే ఉంది. మన దగ్గర పిడుదులు ఎక్కువ, అవి కుడితే వచ్చే టిక్ ఫీవర్ బయటికి కనపడకుండా ఉండి ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, అలాంటి కుక్కకి చిగుళ్ళు గీకితే రక్తం ఆగదు. సీబీసీ (రక్తకణాల లెక్క), కిడ్నీ, లివర్ చూడకుండా ఎవరైనా రేపే చేసేద్దాం అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి, 3 వేలకే చేస్తామన్నా సరే.

డాలస్ అక్క:
11 వేలకే ఇంత ఆలోచిస్తున్నారా, మా దగ్గర మొన్న 900 డాలర్లు అయింది 😀 ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే రొటీన్ క్లీనింగ్ అందులో రాదన్నారు, దానికి వేరే ప్లాన్ అట. నేను మాత్రం పూర్తిగా డాక్టర్ల సైడ్ కాదు. ఏటా చేయించమంటారు, ఇంట్లో బ్రష్ చేస్తే అన్ని కుక్కలకీ ఏటా అక్కర్లేదని నా అభిప్రాయం. చేయించి వదిలేస్తే మాత్రం ఆ డబ్బు దండగే, పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి మళ్ళీ గారవుతుంది. చికెన్ ఫ్లేవర్ కుక్కల పేస్ట్ దొరుకుతుంది, మొదట వేలికి రాసి నాకించండి, తర్వాత వేలి బ్రష్‌తో బుగ్గ వైపు మాత్రమే రుద్దండి, లోపలి వైపు జోలికి పోకండి. మన పేస్ట్ వద్దు, కుక్క ఉమ్మదు మింగేస్తుంది, కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ వేస్తారు అది కుక్కలకి విషం. పళ్ళ కోసం నమలడానికిచ్చే డెంటల్ స్టిక్స్ కొంటే వీఓహెచ్‌సీ (జంతువుల పళ్ళ ఉత్పత్తుల్ని పరిశీలించే అమెరికా సంస్థ) ముద్ర ఉందో లేదో చూడండి, మిగతావి బిస్కెట్లే.

బందరు బుల్లోడు:
సరే ఎముక వదిలేస్తున్నా. కానీ ఒకటి చెప్పు డాక్టర్ బాబూ, జబ్బంతా చిగురు కిందే అంటున్నావు కదా, మరి ఎక్స్‌రే తియ్యకుండా చిగురు కింద ఏముందో ఎలా తెలుస్తది? మా వైపు ఏ క్లినిక్‌లోనూ పళ్ళ ఎక్స్‌రే మిషన్ నేను చూళ్ళేదు. అదీ లేకుండా అమెరికా గైడ్‌లైన్స్ చదివి అమెరికా మాటలు చెప్పి బిల్లేస్తే ఎట్లా?

పశువైద్యం ఫైనలియర్:
ఈ పాయింట్ కరెక్టే, నేను కాదనను. ఇక్కడ చాలా చోట్ల లేదు. ప్రోబ్ అని గీతలున్న సన్న పుల్ల ఉంటుంది, మత్తులో ఉన్నప్పుడు చిగురుకీ పన్నుకీ మధ్య పెట్టి ఎంత లోతు పోతుందో ఒక్కో పన్నుకీ కొలవాలి. అది సగం పని చేస్తుంది. అదీ చెయ్యకపోతే గ్రూమర్‌కీ వాళ్ళకీ తేడా మత్తు ఒక్కటే. మేడం, ఖర్చే సమస్యైతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ హాస్పిటల్‌లో కూడా ఒకసారి కనుక్కోండి, వెయిటింగ్‌కి మాత్రం రెడీగా వెళ్ళండి.

లడ్డూ వాళ్ళమ్మ (మియాపూర్):
థాంక్యూ అందరికీ. ఇందాకే క్లినిక్‌కి ఫోన్ చేశా. గ్యాస్ మిషన్, ట్యూబ్ ఉన్నాయట, ప్లేట్‌లెట్లు కూడా చూస్తారట, ఎక్స్‌రే లేదు, ప్రోబ్ అంటే రిసెప్షన్ అమ్మాయికి తెలీలేదు, డాక్టర్‌ని అడిగి చెప్తా అంది. మీరన్నాక గమనించా, లడ్డూ చికెన్ ముక్క ఇస్తే ఎడమ పక్కకే తిప్పుకుంటోంది. రేపు బ్లడ్ టెస్ట్ వరకు చేయిస్తున్నా, మా ఆయన అంతవరకు ఒప్పుకున్నారు.

కూకట్‌పల్లి కుర్రాడు:
నేనింకా వద్దనే అంటా అక్కా. కనీసం మత్తు దిగి లేచి నిలబడేదాకా క్లినిక్‌లోనే ఉండండి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి అంటే ఒప్పుకోవద్దు.

బందరు బుల్లోడు:
పన్ను పీకితే ఒక్కోదానికి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి అమ్మా. కుక్క టేబుల్ మీద పడుకున్నాక ఫోన్ చేసి ఇంకో నాలుగు పళ్ళు పీకాలండి అంటే కాదనలేరు.