సమస్యాపూరణం: కాలిబంతి జారె కరమునుండి

లింకన్ అన్నయ్య (పృచ్ఛకుడు):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

కాలిబంతి జారె కరమునుండి

కాలితో ఆడే బంతి చేతిలోంచి జారడమేమిటని మన ఊళ్లో వాళ్లు అడుగుతారు. నేనుండే లింకన్‌లో (అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం) ఎవరూ అడగరు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలోనే ఉంటుంది. కిక్ కొట్టేటప్పుడు తప్ప కాలికి దానితో పనే లేదు. ఆ బంతి కోడిగుడ్డులా రెండు కొసలూ సన్నగా ఉంటుంది. చేజారితే ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఈ సమస్య నాకు నెబ్రాస్కా జట్టు 2023 సీజన్ చూసినప్పుడు తట్టింది. మ్యాట్ రూల్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది అది. 12 ఆటల్లో 31 సార్లు బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకున్నారు. వీటినే టర్నోవర్లంటాం. అక్టోబర్ చివరికి 5 గెలుపులు, 3 ఓటములు. ఇంకొక్క ఆట గెలిస్తే చాలు, సీజన్ చివర బౌల్ ఆటకు అర్హత వచ్చేది. 2016 తర్వాత అప్పటిదాకా ఆ భాగ్యం కలగలేదు మాకు. మిగిలిన నాలుగూ ఓడిపోయారు: మిషిగన్ స్టేట్‌తో 20-17, మేరీలాండ్‌తో 13-10, విస్కాన్సిన్‌తో అదనపు సమయంలో 24-17, అయోవాతో 13-10. మూడు పాయింట్లు, మూడు, ఏడు, మళ్లీ మూడు. అయిదు గెలుపులు, ఏడు ఓటములతో సీజన్ ముగిసింది.

నియమం ఒక్కటే. పిల్లల్ని తిట్టే పద్యాలు వద్దు. బంతి జారిన ఆ చేయి ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాడిది. ఎందుకు జారిందో పద్యంలో కనబడాలి. అదే నాకు కావలసింది.

వరంగల్ విద్యార్థి:
అన్నా, నేనూ లింకన్‌లోనే ఎం.ఎస్. చేస్తున్నాను. నవంబర్‌లో మొదటిసారి స్టేడియానికి వెళ్లాను. ఎర్రచొక్కాల మధ్య కూర్చుంటే సముద్రంలో ఉన్నట్టే అనిపించింది.

చలికి వేళ్లు బిగియ జనములు గర్జింప
నెఱ్ఱసంద్రమందు నెదురుచూడ
పట్టు సడలె నేమొ పరుగిడు వేళలో
కాలిబంతి జారె కరమునుండి

తెనాలి మాస్టారు:
నాయనా, గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో చ-జ యతి మైత్రి ఒప్పు. రెండో పాదంలో "నెఱ్ఱ-నెదురు" అని స్వరయతి బాగా కుదిరింది. "వేళ్లు బిగియ" అన్నాక "పట్టు సడలె" అనడం నాకు నచ్చింది. బిగుసుకున్న వేళ్లతోనే పట్టు సడలడం సహజమైన విరోధం, కల్పించినట్టు లేదు. "ఏమొ" ఒక్కటే బలహీనం. చూసినవాడివి నువ్వు, సందేహం దేనికి?

లింకన్ అన్నయ్య:
తమ్ముడూ, పద్యం బాగుంది. ఒక్క చోట ఆట తప్పింది. మన జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు మన జనం గర్జించరు. నోరు కట్టుకుని కూర్చుంటారు. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ పిలుపు ముందున్న లైన్ వాళ్లకు వినబడాలి కదా. అరుపులన్నీ ప్రత్యర్థి చేతిలో బంతి ఉన్నప్పుడే. ఎనభై వేలకు పైగా జనం ఒక్కసారిగా మాట ఆపితే ఎలా ఉంటుందో నువ్వూ వినే ఉంటావు. అది పద్యంలోకి వస్తే గర్జన కంటే గట్టిగా ఉంటుంది.

ఇంకోటి. చలి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోలేను. ఆగస్టు 31న మినియాపొలిస్‌లో మొదటి ఆట. ఆ రోజే మన క్వార్టర్‌బ్యాక్ జెఫ్ సిమ్స్ విసిరిన బంతులు మూడు ఇంటర్‌సెప్ట్ అయ్యాయి, అంటే అవతలివాళ్లు గాల్లోనే అందుకున్నారు. చివర్లో మనవాళ్లే ఆధిక్యంలో ఉండగా ఒక ఫంబుల్, అంటే చేతిలోని బంతి జారిపోవడం. 13-10తో మిన్నెసోటా గెలిచింది. అప్పటికి చలికాలం రానే లేదు.

వరంగల్ విద్యార్థి:
నిజమే అన్నా. ఆ నిశ్శబ్దం విన్నాను. మంచు కురిసే ముందు ఉన్నట్టుంటుంది. మారుస్తున్నాను:

చలికి వేళ్లు బిగియ జనములు మౌనమై
యెఱ్ఱసంద్రమందు నెదురుచూడ

చలిని మాత్రం ఉంచుతాను. నేను చూసింది నవంబర్ ఆటనే.

లింకన్ అన్నయ్య:
ఉంచు. చూసింది రాయడమే మంచిది.

ఒమాహా అక్కయ్య:
నాది అయోవా ఆట మీద. మా ఇంట్లో ఆ రోజు పులిహోర కలిపి టీవీ ముందు కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగలేదు. 10-10 దగ్గర సెకన్లే మిగిలాయి. మన క్వార్టర్‌బ్యాక్ చబ్బా పర్డీ విసిరిన బంతిని అయోవావాళ్లు అందుకున్నారు. తర్వాత ఫీల్డ్ గోల్ (బంతిని కాలితో గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) కొట్టి గెలిచేశారు.

పదియు పదియు నైన పట్టున సెకనులె
మిగిలియుండ బంతి మెఱుపువోలె
విసర నొరులు పట్ట విలవిలలాడగా
కాలిబంతి జారె కరమునుండి

తెనాలి మాస్టారు:
అమ్మా, "పదియు పదియు నైన" అని స్కోరుతో మొదలుపెట్టడం నిండుగా ఉంది. "సెకనులె" అన్న ఇంగ్లీషు మాట ఆటవెలదిలో చక్కగా ఇమిడింది. అయితే అన్వయం చూడు. మూడో పాదానికి బంతిని విసిరేశారు, అవతలివాళ్లు పట్టేశారు. ఇంక నాలుగో పాదంలో ఎవరి చేతిలోంచి జారాలి? పైగా "బంతి", "కాలిబంతి" అని ఒకే వస్తువు రెండుసార్లు వచ్చింది. సమస్య పాదం తోకలా వేలాడుతోంది, పద్యంలో కలవలేదు.

లింకన్ అన్నయ్య:
మాస్టారు చెప్పింది ఈ ఆట లెక్కలోనూ నిజమే అక్కా. టర్నోవర్లు ముఖ్యంగా రెండు రకాలు. విసిరిన బంతిని అవతలివాడు గాల్లో అందుకుంటే ఇంటర్‌సెప్షన్. చేతిలో ఉన్న బంతి జారి, నేలమీద అవతలివాడికి దొరికితే అది ఫంబుల్ పోగొట్టుకోవడం. సమస్యలో "జారె" అని ఉంది కాబట్టి ఫంబుల్‌కే నప్పుతుంది. నువ్వు రాసింది ఇంటర్‌సెప్షన్.

ఒమాహా అక్కయ్య:
సరే తమ్ముడూ, విసరబోయే చేతినే కొట్టినట్టు మారుస్తాను:

పదియు పదియు నైన పట్టున సెకనులె
మిగిలియుండ నొరుడు మీద దూకి
విసరు చేయి గొట్ట విలవిలలాడుచు
కాలిబంతి జారె కరమునుండి

తెనాలి మాస్టారు:
ఇప్పుడు అతికింది. "విలవిలలాడుచు" ముందు మనుషులకు చెందేది, ఇప్పుడు బంతికి చెందింది. ఆ కోడిగుడ్డు బంతి నేలమీద గెంతడం కళ్లకు కట్టింది.

లింకన్ అన్నయ్య:
పద్యం కుదిరింది, కథ తప్పింది. అయోవా ఆటలో ఆ చివరి దెబ్బ ఫంబుల్ కాదు కదా అక్కా. నిజంగా ఆడిన కుర్రాడి మీద జరగని తప్పు పెట్టినట్టవుతుంది. స్కోరు చెప్పి ఆటను గుర్తుపట్టేలా చేసినప్పుడు జరిగింది జరిగినట్టే ఉండాలని నా పట్టుదల. మీకు కొంచెం కఠినంగా అనిపిస్తే క్షమించాలి.

ఒమాహా అక్కయ్య:
కఠినం కాదు, న్యాయం. స్కోరు తీసేస్తున్నాను. ఏ ఆటకైనా వర్తించేలా:

కన్ను మూసి తెఱచు కాలమ్ము మాత్రమే
మిగిలియుండ నొరుడు మీద దూకి
విసరు చేయి గొట్ట విలవిలలాడుచు
కాలిబంతి జారె కరమునుండి

తెనాలి మాస్టారు:
స్కోరు పోయినందుకు బెంగపడ్డాను గానీ, "కన్ను మూసి తెఱచు కాలమ్ము" దాన్ని మించిపోయింది.

కర్నూలు కొత్త సభ్యుడు:
ఇది నా రెండో ఆటవెలది. తప్పులుంటే చెప్పండి. ఆ సీజన్‌లో ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు మారారని చదివి రాశాను.

ముగ్గు రాటగాళ్ళు మొదలు పెట్టిరి గాని
ఒకరు కూడ నిలువ లేకపోయె
చేయి మారి మారి చెమట పట్టిన వేళ
కాలిబంతి జారె కరమునుండి

తెనాలి మాస్టారు:
బాబూ, మూడో పాదం చాలా బాగుంది. నిజానికి బంతి జారేది అలాగే. రెండో పాదంలో యతి తప్పింది, "ఒ"కీ "లే"కీ మైత్రి లేదు. పైగా "ఒకరు పోయె" అని క్రియ కుదరదు. ఇలా చూడు:

యొక్కరైన నిలువ నోపరైరి

ఒ-ఓ యతి కలిసింది, బహువచనమూ నిలిచింది.

లింకన్ అన్నయ్య:
మాస్టారూ, యతి కలిసింది గానీ అర్థంతో నాకు పేచీ ఉంది. "ఒక్కరైన నిలవలేదు" అనడం అన్యాయం. సిమ్స్‌కు దెబ్బ తగిలాక హైన్రిక్ హార్బర్గ్ వచ్చాడు. మా రాష్ట్రంలోనే కర్నీ అనే ఊరి పిల్లాడు. ఆ ఏడాది గెలిచిన అయిదు ఆటలూ అతను మొదలుపెట్టినవే. పొడగరి, బంతి తీసుకుని తనే పరుగెత్తుతాడు. అతని బలమూ అదే, బంతి జారడానికి కారణమూ అదే. క్వార్టర్‌బ్యాక్ ఎంత పరుగెత్తితే అన్ని దెబ్బలు తింటాడు. ఒక చంకలో బంతి, ఎదురుగా ముగ్గురు మీద పడటం. బంతి పట్టుకుని పరుగెత్తాల్సిన రన్నింగ్ బ్యాక్‌లు కొందరు సీజన్ మొదట్లోనే గాయాలతో తప్పుకున్నారు, ఆ బరువూ అతని మీదే పడింది. అలాంటివాణ్ణి పట్టుకుని నిలవలేదంటే నా మనసు ఒప్పుకోదు.

కర్నూలు కొత్త సభ్యుడు:
నాకు ఈ సంగతి తెలియదన్నా. రెండో పాదం మళ్లీ రాస్తాను. రెండు రోజులు టైమివ్వండి.

రాజమండ్రి గోదావరి:
నేను పదం విరిచి పూరించాను. "కాలి" ఇక్కడ క్రియ, "కాలిపోయి" అని అర్థం.

అయిదు సార్లు దేశమంతట జెండాను
నిలిపినట్టి జట్టు నేల కొరగ
చూచువారి గుండె చుఱ్ఱుచుఱ్ఱున లోన
కాలి, బంతి జారె కరమునుండి

లింకన్ అన్నయ్య:
ఆహా! 1970, 71, 94, 95, 97. ఆ అయిదు జాతీయ విజయాలనూ ఇక్కడి పెద్దవాళ్లు పిల్లల పుట్టినరోజుల్లా చెప్తారు. మీరు వాటిని ఒక్క పాదంలో పెట్టారు.

తెనాలి మాస్టారు:
విరుపు అందంగా ఉంది. వ్యాకరణం మాత్రం అడ్డుపడుతోంది. "కాలి" క్త్వార్థకం. దాని కర్తా, చివరి క్రియ కర్తా ఒకటే కావాలి. కాలింది గుండె, జారింది బంతి. కర్తలు వేరైతే "కాలగా" అనాలి, అప్పుడు సమస్య చెడుతుంది. కాలేది కూడా బంతే అయితే చిక్కు విడుతుంది:

పిడికిలందు నిప్పుపిడుగువోలెను రేగి
కాలి, బంతి జారె కరమునుండి

రాజమండ్రి గోదావరి:
మాస్టారూ, దండాలు. చేతిలో నిప్పు పట్టుకున్నట్టు ఉండటం! ఆ చివరి నాలుగు ఆటల్లో ఆ కుర్రాళ్లకు నిజంగా అలాగే అనిపించి ఉంటుంది. తీసుకుంటున్నాను.

ఒమాహా అక్కయ్య:
మాస్టారూ, అందరివీ దిద్దుతున్నారు, మీ పూరణ ఏదీ?

తెనాలి మాస్టారు:
నేను ఈ ఆట మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు మూడుసార్లు చూశానంతే. అందరూ బంతినే చూస్తుంటే నా కళ్లు ముందు వరుసలోని ఆ అయిదుగురు భారీ మనుషుల మీదే నిలిచాయి. వాళ్లు ఒక్క సెకను నిలబడితే వెనకవాడికి చూపు ఆనుతుంది. వాళ్లు తూలితే అతనికి చూసే వ్యవధే ఉండదు. అది రాశాను.

కంచె తెగిన చేను కాపాడువారేరి
ముందు గోడ కూలె మూపు వంగె
వెనుకనుండి యొకడు వేటు వేయగ నంత
కాలిబంతి జారె కరమునుండి

వరంగల్ విద్యార్థి:
మాస్టారూ, చిన్నవాణ్ణి, తప్పయితే మన్నించండి. కంచె అన్నాక మళ్లీ గోడ ఎందుకండీ? రెండూ ఆ లైన్‌కే పోలికలు కదా. కంచె దగ్గర చేను కనబడింది. గోడ అనగానే చెరిగిపోయింది.

తెనాలి మాస్టారు:
నిజం నాయనా. యతి కోసం చూస్తూ పోలిక జారవిడిచాను. "ముందువారు కూల మూపు వంగె" అని మార్చుకుంటాను. మంచి చెవి నీది.

లింకన్ అన్నయ్య:
ఈ వారానికి నాకు నచ్చినది ఇదే మాస్టారూ. నేను అడిగిన "ఎందుకు జారింది" దీనిలో ఉంది. మేరీలాండ్ ఆటలో అయిదు టర్నోవర్లు పోయాయి. సోమవారం పొద్దున్న ఆఫీసులో కాఫీ దగ్గర అందరూ క్వార్టర్‌బ్యాక్ పేరే ఎత్తారు. ముందు వరుస గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నాకు కడుపు రగిలింది. ఆ రోజు అనలేకపోయిన మాట మీరు నాలుగు పాదాల్లో అన్నారు. అక్కయ్య చివరి పూరణ దీని పక్కనే ఉంటుంది. కర్నూలు తమ్ముడి రెండో పాదం కోసం ఎదురుచూస్తుంటాను.

వచ్చే వారం సమస్య. ఇక్కడి స్టేడియంలో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడుపోతున్నాయి, ఓడిన ఏళ్లలో కూడా. ఆటవెలది చివరి పాదం:

ఓడినప్పుడెల్ల నూరు నిండె

తెనాలి మాస్టారు:
"నూరు" అంటే వందా, ఊరా?

లింకన్ అన్నయ్య:
మీ ఇష్టం మాస్టారూ. రెండూ రాయండి.